పట్టు ఇడ్సద్దు, బిగువు ఇడ్సు

మా మేనమామ ఈ నెల మొదటి సోమవారం ఉదయం కాలం చేశారు. ఆదోని మార్కెట్ యార్డులో నేను కాటా దగ్గర నిలబడి పత్తి నింపిన గోనె బోరాలు తూయిస్తున్న సమయంలో ఎమ్మిగనూరు నుంచి అత్త ఫోను చేసింది. "మామ పోయినాడప్పా. పొద్దున్నే మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకోని కూసున్నాడు. కాఫీకి పిలిస్తే పలకల్యా" అన్నది. "బొటనేలు, సూపుడేలు పడుగు దారం మీదనే ఉండాయి" అని చేర్చింది. నేను కాటా ఆపించి, చొక్కా గుండీలు సరిచూసుకుని బస్టాండుకు నడిచాను.

పాఠకులకు ఆయనను పరిచయం చేయడానికి ఎక్కువ మాటలు అక్కరలేదు. ఆయన మగ్గం నేసిన మనిషి. తుంగభద్ర ఒడ్డున, రాళ్ల మీద నిలబడి, గాలంతో పెద్ద చేపలు పట్టిన మనిషి. ఈ రెండు పనులూ వేరువేరని లోకం అనుకుంటుంది. ఆయన దృష్టిలో రెండూ ఒకే పని. రెండింటిలోనూ చేతిలో ఉండేది దారమే, చెయ్యి తెలుసుకోవలసింది దాని బిగువే. పడుగు మీద బొటనవేలు ఆనించి, కళ్లు మూసుకుని, "ఒక పిసరు ఎక్కువుంది" అనేవారు. అత్త వెళ్లి సడలించేది. ఆ పిసరు ఎంతో కొలిచి చెప్పగల పరికరం నేను ఇంతవరకు చూడలేదు.

ఎమ్మిగనూరుకు ఉత్తరాన, వరద ఒడ్డును కోయకుండా ఎప్పుడో పేర్చిన రాళ్ల కట్ట ఒకటి నదిలోకి చొచ్చుకుని ఉంటుంది. దానిని ముక్కుబండ అంటారు. దాని కొన దగ్గర నీళ్లు సుడి తిరుగుతాయి. కొత్త నీళ్లు వచ్చి నది మట్టిరంగుకు తిరిగినప్పుడు ఆ సుడి అంచున ఎర్రమోసు చేపలు మేతకు చేరతాయి. రెక్కలూ తోకా, పొలుసుల అంచులూ ఎర్రగా, నోరు చిన్నదిగా, బలం మాత్రం దున్నపోతు బలంగా ఉండే చేప అది. పెద్దది తగిలిందంటే నేరుగా రాళ్ల సందులోకి దూరుతుంది. రాతి అంచుకు తగిలిన దారం తెగుతుంది. అందుకే ముక్కుబండ మీద పెద్ద ఎర్రమోసును గట్టుకు తెచ్చినవారిని వేళ్ల మీద లెక్కించవచ్చు.

మామ గాలానికి కర్ర ఉండేది కాదు. నైలాన్ దారాన్ని చేతికి నిండుగా పట్టే పెద్ద కొయ్య కండెకు చుట్టేవారు. పత్తిగింజల్లో నూనె తీశాక మిగిలే చెక్కను జొన్న సంగటితో కలిపి, అత్త పిండి పిసికినంత శ్రద్ధగా పిసికి, ఎర చేసేవారు. ఆ చెక్క ఆదోని నుంచి తెచ్చే బాధ్యత నాది. మొదటి చిటికెడు నీళ్లలో వేసి, రెండవది వాసన చూసి, మూడవది గాలానికి గుచ్చేవారు. వల ఎందుకు వేయవని ఎవరైనా అడిగితే, "వలకు సేప దొరుకుతాది. గాలానికి సేప ఒప్పుకుంటాది" అనేవారు.

నాకు ఇరవై ఎనిమిదేళ్ల వయసులో జరిగిన సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. అప్పుడు నేను ఆదోనిలో ప్రెస్సింగ్ మిల్లులో హమాలీని. సాయంత్రం పని దిగి రాత్రి బడికి వెళ్లేవాడిని. పదో తరగతి ఇంగ్లీషులో రెండోసారి తప్పాను. ఆ దుఃఖంలో ఉన్న నన్ను మామ ముక్కుబండకు తీసుకుపోయారు. మధ్యాహ్నం దాటాక ఆయన దారం ఒక్కసారిగా లాగింది. ఆయన ముఖం వెలిగింది. మూడేళ్లుగా ఆయన దారాలు తెంపుకుపోతున్న ఎర్రమోసు అదేనని ఆయన చేతికి తెలిసింది. తెలిసి కూడా, కండెను నా చేతుల్లో పెట్టారు.

"పట్టుకో అల్లుడా. ఇది నీది."

చేప రాళ్ల వైపు తిరిగింది. మామ నా భుజం పక్కన నిలబడి కేక వేశారు. "ఇడ్సు! ఇడ్సు!"

నేను విడిచాను. కండెను పూర్తిగా విడిచాను.

మిల్లులో పని చేసినవారికి నా తప్పు వెంటనే అర్థమవుతుంది. నలుగురు కలిసి పత్తి బేలు మోసేటప్పుడు మేస్త్రీ "ఇడ్సు" అన్నాడంటే ఆ క్షణమే చేతులు తీసెయ్యాలి. తీయనివాడి వేళ్లు బేలు కింద ఉంటాయి. పదేళ్లుగా ఆ మాటకు నా చేతులు అలాగే తెరుచుకోవడం నేర్చుకున్నాయి. కానీ మామ మాట్లాడింది మగ్గం భాష. నేసేవారి ఇంట్లో ఇడ్సడమంటే దారాన్ని సడలించడం. కండె రాళ్ల మీద మూడు గంతులు వేసి నీళ్లలో పడింది. కాసేపు తేలి, నది మధ్యకు పరుగెత్తి, మునిగిపోయింది.

కట్ట మీద గొర్రెలు కాసే అన్న ఒకడు ఉండేవాడు. అతడు కడుపు పట్టుకుని నవ్వాడు. "ఏమప్పా, సేపకు గాలంతో పాటు కండె గూడా కట్నమిచ్చినావా?"

మామ నవ్వలేదు, కోపగించుకోలేదు. నీళ్ల వైపు చూస్తూ అన్నారు. "నేను పట్టు ఇడ్సమంటినా అల్లుడా? బిగువు ఇడ్సమంటి."

"విడువమన్నావు, విడిచాను" అన్నాను నేను. రాత్రి బడిలో చేరిన నాటి నుంచి పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడాలని నియమం పెట్టుకున్నాను. అవమానంలోనూ ఆ నియమం తప్పలేదు.

"సూడు, పేపరు సదివినట్టు సెప్తాండాడు" అన్నారు మామ. అప్పుడు నవ్వారు.

ఆ నవ్వు నన్ను ఓదార్చలేదు. ఆయన తన చేపను నాకు ఇచ్చారు, నేను దానిని నదికి ఇచ్చాను. ఆయన బతికి ఉండగా అటువంటి చేపను ఆ రాళ్ల మీద నుంచే తీసి ఆయన ముందు పెట్టాలని ఆ రోజు నిశ్చయించుకున్నాను. దానికి ఇరవై ఏళ్లు పడుతుందని తెలియదు.

ఆ సంవత్సరమే మూడోసారి ఇంగ్లీషు పరీక్షకు కట్టాను. పరీక్షకు ముందు రోజు మామ ఆదోని వచ్చి చెప్పిన మాట ఇదే: "బిగుసుకున్న ప్రశ్న దగ్గర కొట్లాడొద్దు. కొంచెం సేపు ఇడ్సు, పక్కది రాయి. అది యాడికీ పోదు." ఆయన చదివింది మూడో తరగతి. ఆ మాట ప్రకారం రాసి ఉత్తీర్ణుడనయ్యాను. తరువాత ఇంటర్మీడియట్, ఆపైన దూరవిద్యలో బి.ఏ. పట్టా వచ్చిన రోజున దానికి అద్దం కట్టించి ఎమ్మిగనూరు తీసుకుపోయాను. మామ చేతులు కడుక్కుని, తుడుచుకుని, అద్దం మీద బొటనవేలు ఆనించారు. కళ్లు మూసుకున్నారు. "సరిగ్గా ఉంది" అన్నారు. ఆ రెండు మాటలను మించిన ప్రశంస నాకు ఇంతవరకు రాలేదు.

చేప మాత్రం రాలేదు. ప్రతి వానాకాలం మేమిద్దరం వెళ్లాము. చిన్నవి వచ్చాయి, మధ్యరకం వచ్చాయి. పెద్దవి తగిలి తెగిపోయాయి. నేను బిగువు విడవలేకపోయేవాడిని. ఒకసారి విడిచి పోగొట్టుకున్నవాడిని గనుక దారాన్ని ప్రాణంలా బిగించేవాడిని. గొర్రెల అన్న ప్రతి ఏడూ ఆ పాత కథ అడిగేవాడు. మామ ప్రతి ఏడూ ఒకే జవాబు చెప్పేవారు. "మా అల్లుడు తీస్తాడు. నువ్వు బతికుండు సాలు."

రెండేళ్ల క్రితం పక్షవాతం వచ్చి మామకు కుడిచెయ్యి పడిపోయింది. మాట మిగిలింది. నేత ఆగిపోయింది. అయినా రోజూ మగ్గం దగ్గర కూర్చుని, అత్త నేస్తుంటే ఎడమచేతితో పడుగు తాకి చూసేవారు. పోయిన వానాకాలంలో నది నిండిందని తెలియగానే నాకు కబురు పెట్టారు. "సెక్క తీసుకోని రా."

నేను ఆయనను భుజం ఆసరాతో ముక్కుబండ మీదికి నడిపించాను. ఒక పలకరాయి మీద కూర్చోబెట్టాను. గొర్రెల అన్న, తలపాగా కింద జుట్టంతా నెరిసిన మనిషి, దూరం నుంచే కేకేశాడు. "ఏమప్పా బీయే, ఈసారి కండె గట్టిగా పట్టుకో!"

ఎర వేసిన కొంతసేపటికి దారం రెండుసార్లు వణికింది. తరువాత నది మొత్తం కదిలినట్టు లాగింది. నేను బిగించాను. దారం వేలిని కోసింది. చేప రాళ్ల వైపు తిరుగుతోందని తెలిసింది.

"ఇడ్సు" అన్నారు మామ. గట్టిగా అనలేదు. మగ్గం దగ్గర అత్తతో అన్నట్టు అన్నారు.

ఇరవై ఏళ్ల భయం నా వేళ్లలో ఉంది. కండెను గట్టిగా పట్టుకుని, దారాన్ని మాత్రం వదిలాను. అది జర్రున సాగింది. ఒక్కసారిగా బరువు తేలికైంది. పోయిందనుకున్నాను.

"పోల్యా. నిలబడింది. లాగేవాడి దగ్గర పరుగెడతాది, ఇడ్సేవాడి దగ్గర నిలబడతాది. ఇంగ మెల్లగా సుట్టు."

చుట్టాను. లాగింది, సడలించాను. నిలిచింది, చుట్టాను. అలా ఎంతసేపు గడిచిందో చెప్పలేను. రాళ్ల నుంచి ఇసుక గట్టు వైపు ఒక్కొక్క అడుగు నడిచాను. మోకాలి లోతు నీళ్లలో దాని ఎర్రని తోక పైకి లేచి చరిచింది. అది చివరిసారి తిరగబడినప్పుడు నా నోటి నుంచి కేక వెలువడింది.

"ఇడ్సినా మామా! ఇడ్సినా! యాడికి పోతాది, నా చేతిలోనే ఉండాది!"

మామ ఎడమచేత్తో తొడ చరుచుకుని నవ్వారు. "ఇప్పుడు పాసయినావురా అల్లుడా! నోట్లో గూడా బిగువు ఇడ్సినావు!"

గొర్రెల అన్న నీళ్లలోకి దూకి, తన కంబళిలో చేపను చుట్టి గట్టుకు ఎత్తాడు. నా చెయ్యి పొడవు ఉన్నది. అతడు ఈసారి నవ్వలేదు. తలపాగా తీసి మామకు వంగి నమస్కరించాడు. "గెలిచినావప్పా. ఇరవై ఏండ్లు నీ మాట మీద నువ్వు ఉండావు."

నేను చేపను మామ ఒడిలో పెట్టాను. ఆయన ఎడమ బొటనవేలిని దాని పక్క మీద ఆనించి కళ్లు మూసుకున్నారు. తూయిద్దామని నేను అంటే తల అడ్డంగా ఊపారు. "సేతికి తెలిసినాక కాటాకేం పని?" కాటా గుమాస్తానైన నేను ఆ మాటను ఒప్పుకున్నాను.

తిరుగు బస్సులో కండక్టరు ముందు సీట్లోని కంబళి మూటను వేలితో చూపి, "ఇదెవరు?" అని అడిగాడు.

"మా అల్లుడు పట్టిన సేప" అన్నారు మామ.

"ఇంత పెద్దదానికి అర టికెట్టన్నా కొట్టాల పెద్దాయనా."

"కొట్టప్పా. గర్వంగా కొట్టు" అన్నారు మామ. బస్సు బస్సంతా నవ్వింది. దారిపొడవునా ఎక్కినవారందరికీ ఆయన కంబళి విప్పి చూపించారు. ఇల్లు చేరాక వీధి వీధికీ చేప ముక్కలు వెళ్లాయి. ఒక్క పొలుసును మాత్రం, రూపాయి బిళ్లకంటె పెద్దదానిని, ఆయన తీసి కడిగి మగ్గం గుంజకు జిగురుతో అంటించారు.

దినాలు అయిన మరునాడు అత్త మగ్గం ఎక్కింది. ఆయన చివరిసారి తాకిన పడుగు సగం నేతలో ఆగి ఉంది. నేను ఇస్త్రీ చొక్కాతో గడపలో నిలబడి ఉన్నాను. అత్త నావైపు తిరిగి, "బిగువు సూసేవాళ్లు లేరప్పా" అన్నది. నేను చెప్పులు విడిచి, ప్యాంటు పైకి మడిచి, గుంత అంచున ఆయన కూర్చున్న చోట కూర్చున్నాను. బొటనవేలు దారం మీద ఆనించాను. కళ్లు మూసుకున్నాను.

"ఒక పిసరు ఇడ్సాల అత్తా" అన్నాను.

ఆమె సడలించి చూసింది. తల ఊపింది. మగ్గం ఆడడం మొదలైంది. కిటికీ ఎండలో, ప్రతి దెబ్బకూ, గుంజ మీది పొలుసు ఎర్రగా మెరిసి ఆరి, మళ్లీ మెరిసింది.