తొట్టిలో పోసిన సముద్రపు ఇసుక

ఈ సంగతి నేను చెప్పడం ఇది మొదటిసారి కాదు. పెళ్ళిపందిళ్ళలో చెప్పాను, చర్చి మెట్ల మీద చెప్పాను, ఒకసారి బంతిలో కూర్చుని చెబుతూ విస్తరి ముందు నుంచి లేచిపోయాను కూడా. విన్నవాళ్ళందరూ ఒకేలా నవ్వి, "ఇంకా ఆ తొట్టి సంగతేనా అయ్యోరా!" అన్నారు. అసలు జరిగిందేమిటని ఒక్కరూ అడగలేదు. ఇన్నేళ్ళూ అడగనివాళ్ళ కోసమే ఇప్పుడు రాస్తున్నాను.

యాభైల చివర్లో, సముద్రం వైపు జువ్వలదిన్నెకు పోయే దారిలో ఒక పల్లెలోని మిషన్ బడిలో చిన్న తరగతులకు లెక్కలు చెప్పేవాణ్ణి. నా భార్యకు అన్న, నాకు బావ, ఆ బడిలోనే నాకంటే ముందు చేరిన పంతులు. నాకు ఉద్యోగం ఇప్పించింది ఆయనే. ఆ మాట నన్ను ఏనాడూ మరవనివ్వలేదు. నాకేమో సైన్సు చెప్పాలని కోరిక. బడిలో సైన్సుకంటూ ప్రత్యేకంగా ఎవరూ లేరు. హెడ్మాస్టరుగారు ఒకనాడు నన్ను పిలిచి, "కొత్త సంవత్సరానికి మిషన్ పెద్దలు బడి చూసేదానికి వస్తారు. వాళ్ళకి చూపించేదానికి ఏదన్నా తయారు చెయ్యి. బాగుంటే సైన్సు క్లాసులు నీకే" అన్నారు.

గాజుతొట్టిలో నీటిమొక్కలు పెంచి చూపిస్తానన్నాను.

బడి కిటికీలు మార్చినప్పుడు పక్కన పడేసిన అద్దాలు ఏరుకున్నాను. రేకు డబ్బాలకు మాట్లు వేసే మనిషి చేత చట్రం చేయించి, అద్దాలు లప్పంతో బిగించాను. మా పల్లె బావుల్లో నీళ్ళు ఉప్పన. తాగే నీళ్ళకు ఆడవాళ్ళు ఇసుకదిబ్బల్లో చెలమలు తవ్వుకునేవాళ్ళు. ఆ నీళ్ళు తొట్టికి అడిగితే కడవతో కొడతారు. అందుకని వాన కురిసినప్పుడల్లా బడి చూరు కింద కుండలు పెట్టి పట్టాను. అడుగున పరిచింది కోవూరు కాలువ ఒండ్రు, దాని మీద పెన్న ఇసుక, తేట నీళ్ళు దిగేదాకా కడిగింది. మొక్కలూ ఆ కాలువవే. పట్టీల్లా పొడుగాటి ఆకులుండేది ఒకటి, సన్నని రెమ్మల నాచు ఒకటి. తడిగోనెలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. కండక్టరు, "ఏంది సామీ, గేదెకు మేతా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. అదీ నేను మర్చిపోలేదు.

మొదట తొట్టిని పడమటి కిటికీ దగ్గర పెట్టాను. మధ్యాహ్నపు ఎండకు అద్దాల నిండా పాచి పట్టి, ఆకుల మీదికీ పాకింది. తూర్పు కిటికీకి మార్చాక, పొద్దుటి ఎండ ఒక్కటే తగిలేసరికి పాచి తగ్గింది. పట్టీల మొక్కను నాటడంలో ఒక కిటుకు ఉంది. వేళ్ళు ఇసుకలో ఉండాలి, ఆకులు పుట్టే మొదలు పైకి కనబడుతుండాలి. ఆ మొదలును ఇసుక కప్పేస్తే మొక్క లోపల్నుంచి కుళ్ళుతుంది. వరిచేల కాలువలో పట్టిన చిన్న చేపలు కొన్ని వేశాను. వాటి పెంట మొక్కలకు ఎరువవుతుంది, చేపలు ఎక్కువైతే అదే నీళ్ళను చెడగొడుతుంది. ముదిరిన ఆకును గోటితో తుంచేవాణ్ణి. నీళ్ళు ఒక్కసారిగా మార్చేవాణ్ణి కాదు, చెంబెడు తీసి చెంబెడు పోసేవాణ్ణి.

చలికాలం వచ్చేసరికి మొక్కలు తొట్టి అంచును అందుకున్నాయి. ఒక పొద్దున ఎండపడి ఆకుల చివర్ల నుంచి గాలిబుడగలు బారులు తీరి పైకి లేస్తుంటే పిల్లలు బెంచీలెక్కి చూశారు. హెడ్మాస్టరుగారు అద్దానికి ముక్కు ఆనించి, "ఊపిరి తీస్తుండాయబ్బా!" అన్నారు. అద్దం మీద ఆయన ముక్కు ముద్ర పడింది. దాన్ని నేను ఆ పూట తుడవలేదు.

క్రిస్మస్ ముందు నా భార్యకు పురిటి రోజులు దగ్గరపడ్డాయి. ఆమె కోవూరులో పుట్టింట్లో ఉంది, నేను వెళ్ళాలి. తొట్టి ఉన్న గది తాళంచెవి బావ చేతిలో పెట్టాను.

"దానికి ఏం చెయ్యాల?" అన్నాడు.

"ఏమీ చెయ్యొద్దు బావా. మేత కూడా వెయ్యొద్దు. పొద్దున కిటికీ తెరిచిపెట్టండి, చాలు."

"ఏమీ చెయ్యకుండానే పెరిగేదానికి నువ్వెందుకు బావా, దాని పక్కన కుర్చీ వేసుకుని?" అన్నాడు. వరండాలో ఉన్న పంతుళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను, బావ కదా అని.

మా వైపు పల్లెల్లో క్రిస్మస్‌కు చర్చి ముందూ ఇళ్ళ ముందూ పాత ఇసుక ఎత్తేసి, సముద్రపొడ్డు నుంచి బండ్లమీద తెల్లటి కొత్త ఇసుక తోలించి పరుస్తారు. కొత్త ఇసుక పడందే పండగ వచ్చినట్టే ఉండదు. ఆ ఏడు ఇసుక తోలించే పని, పందిరి పని బావకు అప్పజెప్పారు.

బిడ్డ పుట్టింది. పెద్దలు వచ్చే రోజుకు అందుకోలేకపోయాను, పురిటి స్నానం అయ్యాక, కొత్త సంవత్సరం దాటాక తిరిగొచ్చాను. బడి వరండా ఎక్కుతుండగానే వాసన తగిలింది. పిల్లలు ప్రార్థనకు వరసల్లో నిలబడి ఉన్నారు. హెడ్మాస్టరుగారు నన్ను అక్కడే ఆపారు.

"పెద్దలు ముక్కులు మూసుకుని పోయినారు. ఎండలో మొక్క ఎండిందంటే అర్థముంది. నీళ్ళలో ఉండే మొక్కను చంపినావే, నిన్ను ఏమనాల?"

పిల్లలు నవ్వారు. బావ నేల చూస్తూ నవ్వాడు.

గదిలోకి వెళ్ళాను. తొట్టి అడుగున జానెడు మందాన తెల్లటి ఇసుక, అందులో గవ్వముక్కలు. నా పెన్న ఇసుక, ఒండ్రు ఎక్కడా లేవు. మొక్కల మొదళ్ళు ఆ తెల్ల ఇసుకలో పూడిపోయాయి. పట్టుకుంటే ఆకు జిగురై వేళ్ళకు అంటుకుంది. చేపలు తెల్లగా తేలి ఉన్నాయి. చిటికెడు ఇసుక నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు. నీళ్ళూ రుచి చూశాను. అవీ ఉప్పే, బడి బావి నీళ్ళు.

బయటికొచ్చి అందరి ముందూ అడిగాను. "ఇది చర్చి ముందు పరిచిన ఇసుక. దీన్ని తొట్టిలో పోసిందెవరు?"

బావ, "ఇసుకకు కూడా పుట్టుపూర్వోత్తరాలు అడుగుతావేంది బావా!" అన్నాడు. మళ్ళీ నవ్వులు.

"తాళంచెవి మీ దగ్గరే ఉంది కదా?"

"పండగ పూట బడిలోకి ఎంతమంది వస్తారు, ఎంతమంది పోతారు. నేను ఆడ కాపలా కూర్చోనుండానా?"

అంతటితో అయిపోయింది. సైన్సు క్లాసులు బావకు ఇచ్చారు. తొట్టిని కడిగి, కాగితంపూలు పెట్టి ఆఫీసు గదిలో ఉంచారు. నాకు "నీళ్ళలో ఎండబెట్టిన అయ్యోరు" అని పేరు పడింది. నేను కోవూరు బడికి మారితే ఆ పేరు నాకంటే ముందే అక్కడికి చేరింది. ఎవరు చేర్చారో వేరే చెప్పనక్కర్లేదు, అక్కడి పంతుళ్ళలో సగంమంది బావ స్నేహితులే.

అరవైల్లో కోవూరు ఇంట్లో మళ్ళీ తొట్టి కట్టాను. అదే కాలువ ఒండ్రు, అదే పెన్న ఇసుక, అదే తూర్పు కిటికీ. మొక్కలు ఎంత పెరిగాయంటే, పిలకలు తుంచి తిరిగి కాలువలోనే వేయాల్సి వచ్చేది. రమ్మని పాత బడివాళ్ళకు ఎన్నిసార్లు కబురు పెట్టినా ఒక్కరూ రాలేదు. బావ మాత్రం వచ్చాడు, చెల్లెల్ని చూడ్డానికి. కాఫీ తాగుతూ తొట్టి వైపు చాలాసేపు చూశాడు.

"బాగుండాది బావా. అడుగున ఇసుకే మురిగ్గా ఉండాది. కాస్త తెల్లగా ఉంటే పండగలా ఉండును" అన్నాడు.

నేను కాఫీ గ్లాసు కింద పెట్టాను. అడగబోయేలోగా మా ఆవిడ లోపలికి పిలిచింది. "ఇప్పుడు లేవదీయబాకండి. పండగని మంచికే పోయించి ఉంటాడు మా అన్న. పోనీండి" అంది.

మంచికే కావచ్చు. పండక్కి అన్నిచోట్లా కొత్త ఇసుక పడింది, ఇక్కడెందుకు పాతదని అనుకుని ఉండవచ్చు. ఆ పొద్దున వరండాలో ఆ ఒక్క మాట చెప్పి ఉంటే హెడ్మాస్టరుగారు నవ్వేసి, మళ్ళీ నాటుకోమనేవారు. నేనూ ఆ పూటే మర్చిపోయేవాణ్ణి. ఆయన నేల చూసి నవ్వాడు. ఆ నవ్వు మీదే నా పేరు పోయింది, నేను కోరుకున్న పాఠాలు ఆయనకు పోయాయి.

బావా, మీకిప్పుడు చూపు ఆనడం లేదు. పక్కనున్నవాళ్ళ చేత ఈ పుట చదివించుకోండి. మధ్యలో ఆపించకండి. ఆ క్రిస్మస్‌కు నా తొట్టిలో సముద్రపు ఇసుక పోయించింది మీరా, కాదా? ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి మెట్ల మీద, ఆనాడు నవ్వినవాళ్ళలో మిగిలినవాళ్ళు వింటుండగా చెప్పండి. మెట్ల కింద నిలబడి ఉంటాను. నవ్వకండి. జవాబు చెప్పండి.