కనుమ మీద అల్లం నీళ్లు

లద్దాఖ్‌లో ఆ సైనిక పోస్టుకు నేను డ్రైవరుగా చేరింది నవంబరులో, మధ్యాహ్నం పూట. ట్రక్కు దిగగానే గాలి చెంప మీద కొట్టినట్టయింది. వేలూరు ఎండల్లో పెరిగినవాణ్ణి. ముక్కులో తడి కూడా గడ్డకడుతుందని అప్పుడే తెలిసింది. నాకు అంబులెన్సు అప్పగించారు. ఆర్డరు ఒకటే: పిలిచిన వెంటనే బండి కదలాలి.

బండి చుట్టూ తిరుగుతూ “ఏం చలిరా నాయనా” అని గొణుక్కుంటుంటే బానెట్ కింద నుంచి ఒక తల లేచింది. మెకానిక్ హవల్దారు.

“యాడప్పా మీది?”

“వేలూరు పక్కన గుడియాత్తం అన్నా.”

“నాది మేల్పాడి. నోరు గడ్డకట్టేలోపల దొరికినావు, రా.”

అంత దూరంలో మన వైపు తెలుగు వినబడితే నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆయనకొక పద్ధతి ఉండేది. తెల్లవారగానే, ఇంజను స్టార్టు చేయకముందే, ఫ్యాను రెక్కలు పట్టి ఊపేవాడు. బెల్టును బొటనవేలితో నొక్కేవాడు. నాచేతా అదే చేయించేవాడు. తర్వాత టెంపరేచర్ ముల్లు చూపించి రోజూ ఒకటే పాఠం.

“ముల్లు ఎక్కితే బండి నిలుపు. ఎక్కిన ముల్లు గబుక్కున దిగిపోయిందనుకో, సంతోషపడొద్దు. లోపల నీళ్లు అయిపోయినాయి. నీళ్లు తగిల్తేనే గదప్పా అది వేడి చెప్పేది.”

పోస్టులో ఇంకొకరి పెత్తనం కూడా సాగేది. వంటాయనది. ఖాళీ ఫ్లాస్కుతో ఏ బండీ గేటు దాటకూడదు. అల్లం వేసి కాచిన నీళ్లు నింపి, మూత తనే బిగించేవాడు. ఆఫీసరైనా సరే, ఆగాల్సిందే.

జనవరిలో ఒక ఉదయం, ఫ్లాస్కులన్నీ నింపి మూతలు బిగించాక, ఆ వంటాయనకే ఊపిరి ఆడలేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఆసుపత్రి కనుమకు అవతల ఉంది. మాస్కు పెట్టి, కంబళ్లు కప్పి ఎక్కించాం. ఆక్సిజన్ సిలిండరు ఒకటే. దారిలో ఆలస్యమైతే చాలదు.

ఎక్కుడులో ముల్లు పైకి పోయింది. మలుపులో ఆపే చోటు లేదు. మలుపు దాటేసరికి అది అడుగుకు పడిపోయింది.

“చల్లబడింది కదా, ఆపకు!” అన్నాడు వెనకనుంచి నర్సింగ్ అసిస్టెంటు. “సిలిండరు అయిపోతుంది.”

అతని భయం న్యాయమైనదే. నేను ఆపాను. బానెట్ ఎత్తితే ఫ్యాను బెల్టు తెగి వేలాడుతోంది. నీళ్లు మరిగి ఆవిరైపోయి రేడియేటరులో చుక్క లేదు. వైర్‌లెస్‌లో హిందీలోనే మాట్లాడాలని రూలు. పోస్టు నుంచి హవల్దారు పలకగానే నా నోట తెలుగే వచ్చింది.

“బెల్టు తెగిందన్నా. లోపల వంటాయన ఉండాడు.”

“ఇంకో బెల్టు యాడుండాది?”

“సీటు కింద.”

“మరి నాతో ఏం కథలు? గ్లవుజులు తీసి పని చూడు. వేళ్ల గురించి రేపు ఏడుద్దాం.”

ఎలా బిగించానో, బిగించాను. బొటనవేలితో నొక్కి చూశాను. కానీ రేడియేటరు కోసం వెంట తెచ్చిన డబ్బాలో నీళ్లు రాయిలా గడ్డకట్టి ఉన్నాయి. నా ఫ్లాస్కు మెల్లగా పోశాను. అసిస్టెంటుదీ పోశాను. నీళ్లు వేడిగా ఉన్నాయి కాబట్టి ఇంజను పగల్లేదు. అయినా చాల్లేదు.

లోపల టకటకమని చప్పుడైంది. వెళ్లి చూస్తే కంబళ్ల కింద నుంచి వంటాయన చెయ్యి బయటికి వచ్చింది. ఆ చేతిలో ఆయన ఫ్లాస్కు.

అదీ పోశాను. ముల్లు లేచి మధ్యలో నిలబడింది. కనుమ దిగేంతవరకూ బండి నిండా అల్లం వాసన. సిలిండరు అయిపోవస్తుండగా ఆసుపత్రి గేటు దాటాం. ఆయన బతికాడు. వసంతానికి మళ్లీ పోస్టుకు వచ్చి నా ఫ్లాస్కు మూత బిగించాడు.

ఇప్పుడు నేను గుడియాత్తం నుంచి ఆంబూరుకు చెప్పుల ఫ్యాక్టరీ బస్సు నడుపుతున్నాను. పొద్దున్నే ఫ్యాను ఊపి, బెల్టు నొక్కుతుంటే పనికి పోయే ఆడవాళ్లు ఊరుకోరు.

“ఏందన్నా, దినామూ దానికి పూజేనా? టైమయింది, ఎక్కు!”

నవ్వి, బెల్టు ఇంకోసారి నొక్కి ఎక్కుతాను. వాళ్లు రోజూ క్షేమంగా దిగుతున్నారంటే ఆ ఇద్దరి చలవే. ఒకాయన నాకు ముల్లును చదవడం నేర్పాడు. ఇంకొకాయన మాత్రం ఇప్పటికీ కళ్ల ముందు నుంచి కదలడు. మొహానికి మాస్కు. చేతిలో ఫ్లాస్కు. తను బిగించిన మూత తనే తీయలేక, తీయమని వేలితో తడుతున్నాడు.