ధాన్యం ధర బోర్డు మీద సున్నా

నేను ఏడో తరగతి లెక్కల్లో తప్పి బడి మానేశాను. మానేశానని నేను అంటాను. పంపించేశానని మా లెక్కల మాస్టారు అనేవారు. ఈ విషయంలో మా ఇద్దరికీ చివరిదాకా కుదరలేదు. అలాంటి నా దగ్గరికి కరోనా వచ్చిన ఏడాది చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా అంకెలు తెలుసుకోవడానికి వచ్చేవారు. ఆ ఏడాది ఎంత చెడ్డదో దీన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు.

ఆమదాలవలస వెళ్ళే రోడ్డు మీద, స్టేషన్ ఇంకా కాస్త దూరం ఉందనగా, ఒక ధాన్యం దుకాణం ఉంది. అక్కడ కాటా వేసేది నేను. బస్తా పెడితే అంకె కాటాయే చూపిస్తుంది, నేను పైకి చదువుతాను. నా చదువు అంతవరకు సరిపోతుంది. దుకాణం ముందు ఒక నల్ల బోర్డు ఉంటుంది. ఆ రోజు ధాన్యం ధర దాని మీద సుద్దముక్కతో రాయడం కూడా నా పనే.

లాక్‌డౌన్ పెట్టిన కొత్తలో లారీలు ఆగిపోయాయి, బస్తాలు మోసే కళాసీలు ఇళ్ళకు పోయారు, బోర్డు ఖాళీ అయిపోయింది. మా షావుకారి ఫోనుకి మాత్రం రోజూ సాయంత్రం కేసుల లెక్క వచ్చేది. జిల్లాకి ఎన్ని, ఏ మండలంలో ఎన్ని, అన్నీ ఉండేవి. దారిన పోయే ప్రతివాడూ సైకిలు ఆపి ఆయన్ని అడిగేవాడు. చెప్పి చెప్పి ఆయనకు విసుగొచ్చింది.

"ఒరే, ఆ బోర్డు కాలీగానే ఉన్నాది గదేటి. దాని మీద రాసీ. సదువుకొని ఎలిపోతారు" అన్నాడు.

రాశాను. చదివారు. ఎవరూ వెళ్ళలేదు.

ఆ బోర్డు ముందు నిలబడితే మా రైతులకు ఒకటే ఆలోచన వస్తుంది. పెరుగుతుందా, తగ్గుతుందా, ఆగాలా, అమ్మేయాలా. ఊహ తెలిసినప్పటి నుంచీ దాన్ని అలాగే చూశారు. ఇప్పుడు దాని మీద రోగం రాసినా వాళ్ళ కళ్ళు మారలేదు. నేను మావా అని పిలిచే ఒక ముసలి రైతు అందరికంటే ముందొచ్చి అరుగు మీద కూర్చునేవాడు.

"ఏట్రా, నిన్నటికీ ఈయేలకీ పెరిగినాదా?"

"పెరిగినాది మావా."

"రేపో?"

"రేపూ పెరుగుతాదనే అంటన్నారు."

"అయితే ఆగుదుం" అని కాళ్ళు చాపుకునేవాడు.

తగ్గిన రోజు, "రేటు మెత్తబడినాది. ఇంక దిగిపోతాది సూడు" అని కాళ్ళు ముడుచుకుని పక్కన ఇంకొకరికి చోటిచ్చేవాడు. అంటే పెరిగినా జనమే, తగ్గినా జనమే. గుంపులు కట్టకూడదని చెప్పే అంకెను చూడడానికి మా దుకాణం ముందు కట్టినంత గుంపు మండలంలో ఇంకెక్కడా కట్టలేదు.

ఒకరోజు కానిస్టేబులు వచ్చి లాఠీతో అరుగు మీద కొట్టాడు. "తీసీ ఆ బోర్డు" అన్నాడు. తీయబోతుంటే తనే వంగి చదివాడు. మొత్తం చదివి, "మాది గరివిడి. అక్కడ ఎంతుందో రాయలేదేం?" అన్నాడు.

"అది వేరే జిల్లా అండీ."

"వేరే జిల్లా అయితే? మా అమ్మ అక్కడే ఉంది."

ఆ రోజు నుంచి గరివిడి కూడా రాశాను. బోర్డును మేడ మీదకు ఎక్కించి పిట్టగోడకు కట్టాం, దూరం నుంచే చదువుకుంటారని. అంకెలు పెద్దవిగా రాయాల్సి వచ్చేది. బడిలో నా అంకెలు చిన్నవిగా ఉన్నాయని తిట్టిన మాస్టారు చూసి ఉంటే సంతోషించేవారు.

ఇదంతా ఊరి సంగతి. ఆ అంకెతో నాకు వేరే పని ఉంది.

నా భార్య తొలి కాన్పుకి పుట్టింటికి వెళ్ళింది. వాళ్ళది భోగాపురం దాటాక సముద్రం ఒడ్డున పల్లె. ఆమె వెళ్ళిన తర్వాత దారులు మూసేశారు, పాప పుట్టింది. పాపను ఫోనులో చూశాను. ఫోను పట్టుకునేది మా బావమరిది, అతనికి చెయ్యి నిలవదు. మొదటి నెలంతా నేను చూసినవి ఇంటి కప్పు, గోడకు వేలాడే వల, పాప కుడి చెవి.

"సెవి నాదే" అన్నాను ఒకరోజు.

"అవును, సెప్పింది ఇనదు" అంది నా భార్య.

మూడో నెలలో తల్లినీ పిల్లనీ మా ఇంటికి పంపాలి. అది ఆనవాయితీ. కానీ మా అత్త ఆనవాయితీలకు లొంగే మనిషి కాదు. తెప్పలు ఒడ్డుకు రాగానే చేపల వేలం పాట పాడి, గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్ముకొచ్చే మనిషి. ఆమె ఒక మాట అంటే పాట కొట్టేసినట్టే, ఇంక మారదు.

"మీ మండలం సున్నా పడ్డనాడు పంపుతాను బావూ" అంది.

"అంతవరకూ నానే ఒచ్చి సూసి ఎల్తాను అత్తా."

"నువ్వు కాటా కాడ పదిమందినీ రాసుకొని తిరిగీవోడివి. సంటిదాని కాడికి ఎలగొస్తావు? ఆడే ఉండు. సున్నా పడనీ."

రోజూ సాయంత్రం నేను బోర్డు రాసి మేడ దిగేసరికి ఆమె ఫోను వచ్చేది. "ఏటి బావూ, మీ కాడ ఈయేల రేటెంత?" అని అడిగేది. ఆమెకు కూడా అది రేటే. చెప్పేవాణ్ణి. "ఇంకా దిగాల" అని పెట్టేసేది. వెనకాల పాప ఏడుపు కాస్త వినిపించేది. ఆ కాస్త కోసం నేను అంకెను నెమ్మదిగా చెప్పేవాణ్ణి.

అలా నేను అంకెను పట్టుకుని వేలాడడం మొదలుపెట్టాను. సోమవారం తక్కువ వస్తుందని కనిపెట్టాను. మూఢం పోయి పెళ్ళిళ్ళు జరిగితే కొన్నాళ్ళకు పెరుగుతుందని కనిపెట్టాను. వాన పడితే తగ్గుతుందని కూడా కనిపెట్టాను కానీ, మర్నాటికే అది తప్పని తేలింది. రేపు ఎంత అని జనం అడుగుతుంటే తగ్గుతుందని చెప్పేవాణ్ణి. నాకు తగ్గాలి కాబట్టి తగ్గుతుందనిపించేది. పెరిగేది. కొన్నాళ్ళకు నేను చెప్పినదానికి ఎదురు జరుగుతుందని అందరికీ నమ్మకం కుదిరింది. మా మావ దాచుకోకుండా అడిగేవాడు.

"ఒరే, రేపు పెరుగుతాదని ఒక్క మాట సెప్పరా. కాస్త తగ్గనీ."

మూడో నెల వచ్చి వెళ్ళింది. ధాన్యం మళ్ళీ రావడం మొదలైంది. బోర్డుకి అడ్డంగా గీత గీసి పైన ధర, కింద కేసులు రాసేవాణ్ణి. పాప బోర్లా పడిందని ఫోనులో విన్నాను. వాళ్ళ తాతను చూసి నవ్విందని విన్నాను. నన్ను చూసి నవ్వే వీలు దానికి ఇంకా దొరకలేదు.

ఒకరోజు సాయంత్రం మా మండలం పేరు పక్కన సున్నా వచ్చింది. షావుకారి ఫోను నా చేతిలోకి తీసుకుని మళ్ళీ చూశాను. సున్నాయే. మేడ ఎక్కి, ధాన్యం ధర కూడా తుడిచేసి, బోర్డు నిండా ఒక్కటే సున్నా రాశాను. కింద జనం చప్పట్లు కొట్టారు. నాకు సున్నా వస్తే చప్పట్లు కొట్టడం అదే మొదలు. ఆటో అతన్ని మర్నాటికి మాట్లాడేశాను. ఇల్లు ఊడ్చి దూలానికి ఉయ్యాల కట్టేశాను. అప్పుడు అత్తకు ఫోను చేశాను.

"సున్నా అత్తా!"

ఆమె గంప కింద పెట్టిన చప్పుడైంది.

"ఎంతమందికి సూసినారు?" అంది.

"ఏటి సూడ్డం?"

"మొన్న మా ఒడ్డున సేప ఒక్కటీ నేదు. సముద్రంలో సేప అయిపోయినాదా? తుపాను కబురొచ్చి తెప్పలు ఎల్లనేదు. మీ కాడ ఈయేల తెప్పలు ఎల్లినాయా అని అడుగుతన్నాను."

నాకు చిరాకేసింది. ఆమెకు పిల్లను పంపడం ఇష్టం లేదు, అందుకే చేపల్ని తెస్తోంది అనుకున్నాను. అయినా మర్నాడు పొద్దున్నే పరీక్షలు చేసే చోటికి వెళ్ళాను. అది నేను చదివిన బడే. వరండాలో నర్సమ్మ ఒక్కతే కూర్చుని ఉంది.

"నిన్న ఎంతమందికి సేసినారమ్మా?"

"ఎవులికీ నేదు. ముక్కులో పుల్ల పెట్టీ అతన్ని బండితో సహా ఏరే మండలానికి అంపించినారు. రేపొస్తాడు."

నేను మేడ ఎక్కి ఆ పెద్ద సున్నా కింద 'నిన్న ఎవరికీ పరీక్ష చేయలేదు' అని రాశాను. ఆటో అతనికి వద్దని చెప్పాను. ఉయ్యాల మాత్రం విప్పలేదు. విప్పితే మళ్ళీ కట్టాలి.

ఆ రోజు నుంచి బోర్డు మీద రెండు అంకెలు రాసేవాణ్ణి. ఎంతమందికి చూశారు, ఎంతమందికి తేలింది. మొదటిది నర్సమ్మను అడిగి తెచ్చుకునేవాణ్ణి. మా మావకు ఇది నచ్చలేదు.

"ఇందులో రేటేదిరా?"

"రెండూ సూడాల మావా."

"ఒక సరుక్కి రెండు రేట్లేటి? నువ్వు బడి మానీసి మంచి పని సేసినావు."

అత్తకు మాత్రం నచ్చింది. రెండూ చెప్పమనేది. పరీక్ష చేసినవాళ్ళ లెక్క బాగానే ఉండి, తేలినవాళ్ళ లెక్క తగ్గుతూ వస్తుంటే ఆమె గొంతు కూడా కాస్త మెత్తబడింది. ఒకరోజు, "ఈ వారంలో సున్నా పడీటట్టున్నాది. నువ్వూ ఒకపాలి సూపించుకో. సంటిదాన్ని ఎత్తుకొనేది నువ్వే గదా" అంది. దానికేం, సున్నా వచ్చేలోపు ఈ పని కూడా అయిపోతుందనుకుని బడికి వెళ్ళి ముక్కు ఇచ్చి వచ్చాను. ఒంట్లో నాకేమీ లేదు. రెండు రోజులుగా కూరలో వాసన తెలియడం లేదు, అంతే. వండేది నేనే కాబట్టి అది వంట తప్పు అనుకున్నాను.

మర్నాడు సాయంత్రం లెక్క వచ్చింది. చాలామందికి చూశారు. మండలం మొత్తానికి తేలింది ఒకటి.

ఒక్కటి! మేడ మీద నిలబడి ఆ ఒకటిని రాస్తుంటే సుద్దముక్క విరిగింది.

"ఎవుడ్రా ఆడు?" అని పిట్టగోడ మీద నుంచి అరిచాను. "మండలమంతా సుబ్బరంగా ఉంటే ఆడొక్కడికీ ఏటొచ్చినాది? ఇంట్లో కూకోనేడా?"

"మా ఊరోడు మాత్రం కాదు" అన్నాడు కింద నుంచి మావ.

"ఏ పెళ్ళి కాడ బోయినం సేసొచ్చినాడో" అన్నాడు ఇంకొకడు.

"ఆడు కనబడితే నాకు సెప్పండి" అన్నాను. "ఆడి మూలాన్న నా కూతురు ఆగిపోయినాది."

అప్పుడే నా ఫోను మోగింది. నర్సమ్మ.

"ఎక్కడున్నావు బావూ?"

"మేడ మీద, బోర్డు కాడ."

"ఆడే ఉండు. కిందికి దిగకు."

"ఏటమ్మా?"

"ఆ ఒకటి నువ్వే."

ఫోను జేబులో పెట్టుకున్నాను. కింద అందరూ నా వైపే తలెత్తి చూస్తున్నారు.

"ఏటంటరా?" అన్నాడు మావ.

"ఆడు దొరికినాడు మావా."

"ఎవుడు?"

"నానే."

ఆ బోర్డు ముందు అరుగు అంత తొందరగా ఖాళీ అవడం నేను అంతకుముందు చూడలేదు. కానిస్టేబులు లాఠీతో ఇన్నాళ్ళూ చేయలేని పని నేను ఒక్క మాటతో చేశాను. మావ మోకాళ్ళ నొప్పుల మనిషి. రోడ్డు దాటి చింతల తోపు దగ్గర గానీ ఆగలేదు.

అందరూ పోయారని చెబితే నర్సమ్మ ఇంటికెళ్ళి గదిలోనే ఉండమంది, నిర్మానుష్యమైన రోడ్డు మీద ఒక్కణ్ణే నడిచాను. తలుపు వేసుకున్నాక రోజూలాగే అత్త ఫోను.

"రేటెంత బావూ?"

"ఒకటి."

"ఒక్కటే! ఎవుడాడు?"

"మీ అల్లుడు."



"అన్నం తిన్నావా?" అంది.

ఆమె నన్ను ఆ మాట అడగడం అదే మొదటిసారి. ఆ తర్వాత రోజూ ముందు అన్నం అడిగేది, తర్వాతే రేటు. నా భార్య ఫోను లాక్కుని ఏడ్చింది. వాసన తెలియడం లేదంటే మాత్రం ఏడుపు ఆపి, "మంచిదే. మా ఇల్లు సేపల కంపని అన్నావు గదా" అంది.

గదిలో ఉన్నన్నాళ్ళు మావ రెండు పూటలా కూర తెచ్చి గడప అవతల పెట్టి, పరుగెత్తి దూరం వెళ్ళి, అక్కడి నుంచి "తినరా" అని కేకేసేవాడు. బోర్డు షావుకారే రాశాడు. ఆయన అంకెలు చిన్నవిట, రోడ్డు మీదకి కనబడడం లేదని జనం గొడవ చేశారట. నేను పడుకుని దూలానికి కట్టిన ఖాళీ ఉయ్యాలను చూసేవాణ్ణి. ఊపి చూశాను కూడా. బాగానే ఊగుతోంది.

గడువు తీరాక మళ్ళీ ముక్కు ఇచ్చాను. నాకు లేదన్నారు. ఆ వారంలోనే మండలం సున్నా పడింది, ఈసారి తెప్పలన్నీ వెళ్ళి మరీ.

ఆటో దుకాణం ముందు ఆగింది. అత్త ముందు దిగింది. నన్ను చూడలేదు. తలెత్తి బోర్డు చూసి, "పైదేటి, కిందదేటి?" అని రోడ్డు మీద పోయేవాణ్ణి ఆపి చదివించుకుంది. అప్పుడు వెనక్కి తిరిగి, "దిగే" అంది కూతురితో.

పాప నన్ను చూసి గుక్కపట్టి ఏడ్చింది. మాస్క్ వల్లేమో అనుకుని తీసేశాను. ఇంకా గట్టిగా ఏడ్చింది.

"ముయ్యీ, ముయ్యీ" అంది నా భార్య.

సాయంత్రానికి ఏడుపు ఆపి నా వేలు పట్టుకుంది. ఆ తర్వాత చాలాసేపు వదల్లేదు. ఉయ్యాల ఊపుతూ ఉంటే నాకు పాత లెక్క ఒకటి గుర్తొచ్చింది. గుమ్మంలో చేపలు తోముతున్న అత్తతో అన్నాను.

"ఆ రోజు నువ్వు సూపించుకోమన్నావు గానీ అత్తా, నాను సూపించుకోకపోతే ఆ ఒకటి కూడా ఉండీది కాదు. ఆ రోజే సున్నా పడిపోయీది, ఇది ఆ రోజే ఒచ్చీసీది."

అత్త కత్తి ఆపలేదు.

"ఒచ్చీది బావూ. బోర్డు మీద సున్నా ఉండీది, నీ సంకలో పిల్లుండీది, పిల్లకి నీ రోగం ఉండీది. ఊరికే పంపించినారేటి నిన్ను ఏడో తరగతిలో?"