బావ పెట్టిన పచ్చ గుర్తులు

మా బావని అందరూ జెయింట్ వీల్ మాస్టారనేవారు. మాస్టారంటే చదువు చెప్పేవాడు కాదు, జనాన్ని ఎక్కించేవాడు. జనం పలచగా ఉన్న రోజుల్లో అందరినీ ఒకే పక్క కూర్చోబెడితే చక్రం సరిగా తిరగదు. అందుకని ఎదురెదురు డబ్బాల్లో బరువు సరిచూసి ఎక్కించేవాడు. కొత్త జంటల్ని సైతం విడదీసి తిట్లు తినేవాడు. ఆ జబ్బు ఇంటికీ పాకింది. కారెక్కినా "నువ్విటు కూర్చో, మీ అక్క అటు" అనేవాడు. తన లావు గురించే అంటున్నాడని అక్క మూతి ముడుచుకునేది.

పోయినేడు నగరంలోని ఆ పెద్ద చక్రం మూతపడబోతోందని తెలిసింది. నేను కాళ్ళావేళ్ళా పడి ఆసుపత్రిలో లిఫ్టు నడిపే ఉద్యోగం చూసిపెట్టాను. బావ చెవిన పెట్టలేదు. చక్రాన్ని విప్పి వేరే నగరంలో నిలబెడతారనీ, అక్కడా నడిపే పని తనదేననీ మేనేజరు మాటిచ్చాడట.

"నేను లేకుండా దాన్నెవరు తిప్పుతార్రా?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. లిఫ్టు ఉద్యోగం ఇంకెవడో ఎగరేసుకుపోయాడు.

ఇక చూడాలి ఆయన సంబరం. ఏ గొట్టం ఎక్కడిదో తెలియకపోతే మళ్ళీ బిగించలేరని, పచ్చరంగు డబ్బా పట్టుకుని ప్రతి అతుకు దగ్గరా గుర్తు పెట్టాడు. ఎవరూ అడగలేదు. నడుం పట్టేసినా మర్నాడు మళ్ళీ పైకెక్కాడు.

విప్పే రోజు నన్నూ లాక్కెళ్ళాడు. స్పానర్లు వస్తాయనుకుంటే గ్యాస్ కట్టర్లు దిగాయి. మొదటి గొట్టం పచ్చ గుర్తు మీదే రెండు ముక్కలైంది.

"ఆపండి! కొయ్యకండి, బోల్టు విప్పాలి!" అని అరిచాడు బావ.

కట్టర్ మనిషి ముసుగెత్తి నవ్వాడు. "గుర్తులు పెట్టింది మీరేనా అన్నా? ఎక్కడ కొయ్యాలో భలే చూపించారు. సగం పని తగ్గింది మాకు."

చక్రాన్ని తుక్కు కింద అమ్మేశారు. నేను నిలదీస్తే, "అలా చెప్పకపోతే చివరిదాకా పనిలో ఉండేవాడివా?" అన్నాడు మేనేజరు బావతో, తాపీగా టీ తాగుతూ. వాడి మొహాన ఉమ్మాలనిపించింది. బావ మాత్రం, "రెండు పక్కలా సమంగా కొయ్యమనండి సార్, ఒరిగిందంటే మనుషుల మీద పడుద్ది" అన్నాడు. అప్పుడు కూడా సార్ అన్నాడు!

ఇంటికొచ్చేసరికి అక్క గుమ్మంలోనే ఎదురైంది.

"బడిలో పిల్ల పేరు తీయించేశానండీ. ఎప్పుడు బయల్దేరుతున్నాం?"

బావ చెప్పులైనా విప్పకుండా స్నానాలగదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. చెప్పే పని నాకొదిలేశాడు.