నీళ్ళు తోడే చెంబు

నీళ్ళలోకి దిగేముందు ఆమె అతిథులకు చెప్పే మాటలు కొన్నే. ఊపిరి గొట్టాన్ని పళ్ళతో పట్టుకోండి, కొరకకండి. ముక్కు సంగతి మరిచిపోండి, నోటితో గాలి పీల్చండి. దేన్నీ తాకకండి. తాకాలనిపిస్తే చేతులు కట్టుకోండి.

ఆఖరి మాటకు కొత్తవాళ్ళు నవ్వుతారు. సముద్రంలో చేతులు కట్టుకుంటే మునిగిపోమా అంటారు. ఆమె చేసి చూపిస్తుంది. నీళ్ళ మీద బోర్లా పడుకుని, రెండు చేతులూ ఛాతీ కింద ముడుచుకుని, కాళ్ళు మాత్రం ఆడిస్తుంది. లైఫ్ జాకెట్ తేలుస్తుంది, కాళ్ళు నడుపుతాయి. అక్కడ చేతులకు పనిలేదు. పనిలేని చేయి పగడాన్ని విరుస్తుందని సముద్ర పార్కు ఆఫీసులో ఆమెకు నేర్పారు.

ఈత రానివాళ్ళకు ఎర్ర రింగు ఉంటుంది. వాళ్ళు దాని అంచు పట్టుకుంటే, ఆమె తాడు భుజాన వేసుకుని ముందు ఈదుతుంది. అందుకే రేవులో ఆమెను రింగక్క అంటారు. ఇంట్లో అత్త అమ్మాయ్ అంటుంది. పడవ నడిపే మరిది వదినా అంటాడు. పేరు పెట్టి పిలిచే మనిషి ఒక్కడే ఉండేవాడు.

తిరిగే చోట్లు మూడు. మొదటిది గదంత పగడపు బండ. రెండోది నీటిగడ్డి మైదానం. అదృష్టం ఉంటే అక్కడ తాబేలు కనబడుతుంది. మూడోది మునిగిన పడవ.

ఆ పడవ ఆమె భర్తది.

అతిథులకు ఆ మాట చెప్పదు. ఆఫీసువాళ్ళు నేర్పిన మాటలు వేరే ఉన్నాయి: గాలివానలో మునిగిన పాత పడవ, ఇప్పుడు చేపలకు ఇల్లు. ఎవరైనా పోయారా అని ఒక్కోసారి అడుగుతారు. నేర్పినవాటిలో ఆ ప్రశ్నకు జవాబు లేదు. ఆమె పసుపు చేపల గుంపు వైపు వేలు చూపిస్తుంది. వాళ్ళు అటు చూస్తారు.

పార్కు రాకముందు అతను అక్కడే వల వేసేవాడు. తరవాత నీళ్ళ మీద పార్కు హద్దుగా తెల్ల బుడ్లు వరసగా తేలాయి. బుడ్లకు అవతల వేసుకోవచ్చన్నారు. అవతల చేప లేదు. పడవ ఉన్నవాళ్ళు అతిథులను తిప్పవచ్చని ఆఫీసువాళ్ళు ఇంటికొచ్చి చెప్పారు. తమ్ముడు వెంటనే ఒప్పుకున్నాడు. అతను మాత్రం, నా పడవేమన్నా బస్సా, అన్నాడు. ఆ తరవాత అతనికి మాట తగ్గింది. ఏడాది తిరిగేసరికి ఉప్పు అందుకో అనడం కూడా మానేశాడు. లేచి తనే తీసుకునేవాడు.

ఒక మధ్యాహ్నం గాలి ఎదురు తిరిగింది. రేవులో అందరూ పడవలను పైకి లాగుతుంటే అతను తన పడవను కిందికి తోశాడు. వల ఒకటి అక్కడే ఉండిపోయింది, తెచ్చుకోవాలి అన్నాడట. తిరిగి రాలేదు. మరుసటి ఏడు పార్కు డైవర్లకు అతని పడవ కనబడింది, బుడ్లకు ఇవతలే. అంచు మీద నంబరు అలాగే ఉంది. మనిషి దొరకలేదు.

తల్లి ఒప్పుకోలేదు.

రోజూ సాయంత్రం అతని వాటా పళ్ళెంలో పెట్టి మూత వేసేది. తెల్లారాక కోడలు ఆ చల్లారిన తిండి తిని పనికి వెళ్ళేది. వారానికోసారి తల్లే అతని చొక్కాలు ఉతికి, ఆరేసి, మడతపెట్టేది. ఒంటిమీదికి ఎక్కని చొక్కాలు ఉతుకుడుకే వెలిసిపోయాయి. పడవ కనబడిందని ఆఫీసువాళ్ళు వచ్చి చెప్పినప్పుడు ముసలామె విని, ఒకటే అడిగింది. చెంబేది?

అది సత్తు చెంబు. కొడుకు పడవ కొన్నరోజు, అందులో చేరే నీళ్ళు తోడిపోయడానికి పనికొస్తుందని తన వంటింట్లోంచి తీసి ఇచ్చింది. అడుగున ఒక సొట్ట. పాకే వయసులో అతనే దాన్ని గడప మీదికి విసిరాడు.

"చెంబు లేకుండా వాడు రేవు దాటడు," అంది ముసలామె. "నంబర్లు ఎవడైనా రాస్తాడు. అది తెచ్చి నా చేతిలో పెట్టు. అప్పుడు ఏడుస్తాను."

చెంబు ఆ పడవ వెనక బల్ల కిందే ఉంది. కోడలు పైనుంచి ఎన్నోసార్లు చూసింది. చూశానని చెప్పింది కూడా. నీళ్ళలో అన్నీ చెంబుల్లాగే ఉంటాయంది అత్త.

కోడలికి కావలసింది చెంబు కాదు. అతను పోయాడని ఇంట్లో ఇంకొక్కరు ఒప్పుకుంటే చాలు. మూతవేసిన పళ్ళెం ముందు కూర్చుని ఏడవడం ఎలా? ఏడిస్తే శాపం పెట్టినట్టు ఉంటుంది. ఒకసారి నీళ్ళలో, మునిగిన పడవకు పైన, మాస్కు లోపల ఏడ్చి చూసింది. అద్దం మసకబారింది. వెనక రింగు పట్టుకున్నవాళ్ళు భయపడ్డారు. మళ్ళీ ఆ పని చేయలేదు.

చెంబు ఇప్పించమని పార్కు ఆఫీసరును అడిగింది. అతను చెడ్డవాడు కాదు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. తనే స్వయంగా దిగి ఫొటో తీసుకొచ్చి కంప్యూటర్‌లో పెద్దది చేసి చూపించాడు. చెంబు భుజం మీద పిడికిలంత పగడం మొలిచింది. దాని నీడలో రెండు మూడు చేపపిల్లలు.

"ఇది ఇప్పుడు చెంబు కాదమ్మా," అన్నాడు. "కదిపితే ప్రాణం తీసినట్టే. నన్ను అడక్కు."

ఫొటో కాగితం మీద వేయించి ఇచ్చాడు. ఆమె దాన్ని తడవకుండా ఇంటికి తెచ్చింది. అత్త కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది. పువ్వులా ఉంది, ఇందులో చెంబేది, అని తిరిగి ఇచ్చేసింది.

ఏళ్ళు గడిచాయి. పగడం పెరుగుతోంది. చెంబు మూతి కూడా కప్పుకుపోతే ఇక ఎవరూ దాన్ని చెంబు అనరు. ప్రతి రోజూ మూడో చోట ఆమె కళ్ళు ముందుగా పడవ వెనక బల్ల కిందికి వెళ్ళేవి. ఇంకా కొంచెం లోహం కనబడుతోంది. ఇంకా కొంచెం.

ఆరోజు వచ్చినవాళ్ళలో ఒక పెద్దమాస్టారు ఉన్నాడు. పిల్లలకు ఈత నేర్పిన మనిషి. పడవ కదలకముందే ఎవరో పారేసిన బిస్కెట్ కాగితం ఏరి జేబులో పెట్టుకున్నాడు. సముద్రాన్ని మనం ఎలా పాడుచేస్తున్నామో దారిపొడుగునా చెప్పాడు. ఆయన భార్యకు నీళ్ళంటే భయం.

"ఇంట్లో చెత్తబుట్ట ఎక్కడుందో తెలీదు ఈయనకి," అంది భార్య రింగు పట్టుకుంటూ. "సముద్రం ఊడుస్తాడట."

"మీరు రింగు వదలకండి, ఆయన సంగతి చేపలు చూసుకుంటాయి," అన్నాడు మరిది. అందరూ నవ్వారు. మాస్టారు కూడా నవ్వాడు.

మొదటి చోట ఆయన బుద్ధిగా చేతులు కట్టుకున్నాడు. రెండో చోటా అంతే. మూడో చోట రింగుకు ఇద్దరు వేలాడుతున్నారు. మాస్టారి భార్య గొట్టంలోకి నీళ్ళు పోయి దగ్గుతోంది. రింగక్క ఆమె తల పైకెత్తి, గొట్టం ఊది ఖాళీ చేసి, మళ్ళీ నోట్లో పెట్టి, వీపు మీద చెయ్యి వేసి కాసేపు ఆగింది. వెనక్కి తిరిగేసరికి ఖాళీ లైఫ్ జాకెట్ ఒకటి తేలుతోంది. దాని కింద, లోతులో, మాస్టారి అరికాళ్ళు.

ఆమె అరిచినా నీళ్ళలో వినబడదు. రింగు వదిలితే ఇద్దరు మునుగుతారు. చూస్తూ ఉండిపోయింది. ఆయన వెనక బల్ల కింద చెయ్యి పెట్టి గుంజాడు. ఒకసారి, మళ్ళీ ఒకసారి. బల్లకు బిగించిన ఇనుప కడియం తుప్పుపట్టి ఉంది. ఊడి వచ్చింది. బురద మేఘంలా లేచింది. ఆయన పైకొచ్చి, ఊపిరి తీసుకుని, దాన్ని తల మీదికి ఎత్తి చూపించాడు.

"చెత్త," అన్నాడు. "ఎవరో పారేసింది."

పడవలో ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

పైకెక్కాక ఆయన దాన్ని ఆమె చేతికి ఇచ్చాడు. చెంబు మెడకు తాడు, తాడు చివర కడియం, చెంబు భుజం మీద పగడం. నీళ్ళు కారుతున్నాయి. నిబంధన ఆమెకు తెలుసు. బతికున్న పగడం మొలిచిన వస్తువు పొరపాటున కదిలితే ఉన్నచోటనే తిరిగి పెట్టాలి, వెంటనే ఆఫీసుకు చెప్పాలి. ఇంకా మాస్కు తీయలేదు. దిగితే ఎంతసేపు.

మరిది చెంబు వైపు చూశాడు. చిన్నప్పుడు ఆ చెంబుతోనే అతని తల మీద నీళ్ళు పోసేవారు. మొహం తిప్పుకుని ఇంజను తాడు చేతికి చుట్టుకున్నాడు.

"చెత్తబస్తాలో వేసెయ్ వదినా," అన్నాడు. "మాస్టారు కష్టపడి తీశారు."

ఆమె వేసింది. ఒడ్డు చేరేదాకా బస్తాను కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుంది. మాస్టారి భార్య ఆమె భుజం తట్టి, ఈరోజు నన్ను కాపాడావమ్మా అంది. ఆమె తల ఊపింది. ఇంటికి వెళ్ళేదారిలో ఒక బకెట్టు సముద్రపు నీళ్ళు పట్టుకుని చెంబును అందులో ముంచింది. దానివల్ల లాభం లేదని తెలుసు. బకెట్లో పగడం బతకదు.

ఇంట్లో అత్త కిటికీ పక్కన కూర్చుని చొక్కా మడతపెడుతోంది. వెలుతురు ఇంకా ఉంది. కోడలు బకెట్లోంచి చెంబు తీసి ఆమె ఒళ్ళో పెట్టింది.

ముసలామె దాన్ని ఒళ్ళోనే బోర్లించింది. తరవాత ఆ చొక్కాతోనే చెంబు అడుగు తుడిచింది. బొటనవేలితో తడిమింది. వేలు సొట్టలోకి వెళ్ళి అక్కడ ఆగింది.

కోడలు ఎదురుగా నేల మీద కూర్చుంది. ఈ ఘడియ గురించి ఎన్నిసార్లు అనుకుందో. ముందు అత్త ఏడుస్తుంది. తరవాత తను. తరవాత పళ్ళెం కడిగి బోర్లించి, చొక్కాలు ఎవరికైనా ఇచ్చేసి, ఇద్దరూ పడుకుంటారు. అంతకంటే ఏమీ అడగలేదు.

అత్త వేళ్ళు చెంబు మెడ మీదికి, అక్కడినుంచి తాడు వెంట కడియం దాకా వెళ్ళాయి. కడియం దగ్గర మళ్ళీ ఆగాయి.

"ముడి ఉంది," అంది.

"ఏంటత్తా?"

"విప్పలేదు. చూడు." చెంబును కిటికీ వైపు తిప్పింది. "పడవలోకి నీళ్ళొస్తే ముందు ఇది విప్పాలి. విప్పితేనే చెంబు చేతికొస్తుంది. పని అయ్యాక మళ్ళీ కట్టాలి. వాడికి నేర్పింది వాళ్ళ నాన్న, నేను పక్కనే ఉన్నా. మునిగే పడవలో ఉండి నీళ్ళు తోడనివాడు ఎవడే? వాడు అందులో లేడు అమ్మాయ్. పడవ ఒక్కటే పోయింది."

ముసలామె మొహం విచ్చుకుంది. ఇన్నేళ్ళలో కోడలు ఆమెను అలా చూడలేదు.

కోడలు ముడి చూసింది. అది అతని చేతి ముడే; చివర లోపలికి దోపి ఉంది. ఉప్పుకు బిగుసుకుని రాయిలా అయింది. ఒక అల వచ్చి ఒక్కసారిగా బోల్తా కొట్టి ఉండవచ్చు అనుకుంది. కానీ పడవ బోల్తా పడలేదు. ఎక్కడా పగల్లేదు. అడుగు నేలకు ఆనించి, ఎవరో దించి పెట్టినట్టు నిటారుగా కూర్చుని ఉంది. మెల్లగా నిండిన పడవే అలా కూర్చుంటుందని రేవులో అందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు. రోజూ పైనుంచి చూస్తూ ఆ ఒక్క సంగతీ ఆలోచించలేదు.

మెల్లగా నిండింది. అతనికి తీరిక ఉంది. చెంబు చేయి చాస్తే అందే దూరంలో ఉంది. అతను చాచలేదు.

తాను ఇంట్లో ఉంది అప్పుడు. గాలికి కిటికీలు కొట్టుకుంటుంటే వేస్తూ ఉంది. కాసేపట్లో వస్తాడని పొయ్యి మీద నీళ్ళు కూడా పెట్టింది.

"ఏమంటావు?" అంది అత్త.

ఇన్నేళ్ళలో ఆమె ఈ మాట అడగడం ఇదే మొదలు. అడిగి, చెంబు ఒళ్ళో పట్టుకుని, కోడలి నోటి వైపు చూస్తోంది.

"అవునత్తా," అంది కోడలు. "ఆయన అందులో లేడు."

ముసలామె లేచింది. వాడొస్తే కావాలి కదా అంటూ చెంబు పట్టుకుని పెరటి కుళాయి దగ్గరికి నడిచింది. కూర్చుని, పీచు తీసుకుని తోమడం మొదలుపెట్టింది. పగడం గట్టిగా పట్టుకుని ఉంది. రాయితో కొడితే ముక్కలుగా రాలి కాలవలో పడింది. కింద సత్తు తెల్లగా బయటపడుతోంది. కుళాయిలో ధార సన్నగా వస్తోంది.

"నీళ్ళు పొయ్యవే," అంది అత్త.

ఆమె పోసింది.