రామేశ్వరంలో రత్నమణికి ఒక్కరోజు

జగ్గయ్యపేటలో ఎవరైనా రామేశ్వరం ప్రయాణం పెట్టుకున్నారంటే ముందు రైలు టిక్కెట్లు చూసుకుంటారు, ఆ తరవాత రత్నమణి ఇంటికి వస్తారు. ఆవిడ గడపలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ ఊరు ఊరంతా కళ్ళకు కట్టినట్టు చెబుతుంది. తెల్లారకముందే అగ్నితీర్థంలో సముద్రస్నానం కానివ్వాలి. తడిబట్టలతోనే గుళ్ళోకి వెళ్ళి ఇరవైరెండు బావుల నీళ్ళూ పోయించుకోవాలి. బాల్చీవాడు తొందర పెడతాడు, మనం తొందరపడకూడదు, కింద రాళ్ళు జారతాయి. ఒక్కో బావి నీళ్ళు ఒక్కో రుచి. ఒక బావివి గోరువెచ్చగా ఉంటాయి, నాలుగడుగులు వేస్తే ఇంకో దానివి వణుకు పుట్టిస్తాయి. బయటికొచ్చాక తూర్పు గోపురం ఎదురు సందులో ఇత్తడి గ్లాసుతో కాఫీ తాగాలి. ఇడ్లీలోకి నాలుగు రకాల చట్నీ వేస్తారు, పుదీనాది మళ్ళీ అడిగి వేయించుకోవాలి. తాటాకు బుట్టల్లో తాటిబెల్లం అమ్ముతారు, అది తెచ్చుకోవాలి. నీచు తినేవాళ్ళయితే ధనుష్కోటి దారిలో పాకల దగ్గర చేపలు అప్పటికప్పుడు వేయించి పెడతారు, కాకపోతే దర్శనం అయ్యాకే. ఇక ధనుష్కోటి రోడ్డు చివర, నేల అయిపోయే చోట, ఎడంచేతి వైపు సముద్రం పడుకున్న ఆవులా ఉంటుంది, కుడిచేతి వైపుది పొడవడానికొచ్చే ఎద్దులా ఉంటుంది. రెండూ ఒక్కచోట నిలబడి చూడాలి.

వెళ్ళొచ్చినవాళ్ళు తాటిబెల్లం ముక్క ఒకటి ఆవిడ చేతిలో పెట్టి, అచ్చం నువ్వు చెప్పినట్టే ఉందమ్మా అంటారు. ఉండదా మరి? ఆవిడ చెప్పిందంతా అంతకుముందు వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పిందే. పద్నాలుగుసార్లు రామేశ్వరం వెళ్ళిన రత్నమణి ఆ ఊళ్ళో సత్రం వెనక పెరడు, గ్యాసు కొట్టు, కూరగాయల బజారు, పాల డిపో తప్ప ఇంకేమీ చూడలేదు. అలాగని అబద్ధాలాడిందనడానికి వీల్లేదు. చూశానని ఆవిడ ఏనాడూ అనలేదు. చూశావా అని ఎవరూ అడగలేదు, అంతే.

సంగతేమిటంటే ఆవిడ నందిగామ బుల్లిబాబు నడిపే యాత్రల బస్సులో వంటమనిషి. పన్నెండు రోజుల దక్షిణాది యాత్ర. నందిగామలో బయల్దేరి, పరిటాల ఆంజనేయస్వామి ముందు కొబ్బరికాయ కొట్టి, కన్యాకుమారి దాకా వెళ్ళి వస్తారు. బస్సు కింద డిక్కీలో జనం సామాను సగం, వంట సామాను సగం. మన బియ్యం, మన కందిపప్పు, గోంగూర పచ్చడి జాడీ, ఆవకాయ జాడీ, వడియాల డబ్బా, రెండు గ్యాసు పొయ్యిలు, పెద్ద గుండిగలు. మన వైపు మనిషి దేవుడి కోసం ఎంత దూరమైనా వెళతాడు గానీ, దేవుడున్న ఊరి అన్నం మాత్రం ముట్టుకోడు. అక్కడివాళ్ళు తినేది ఉప్పుడు బియ్యం, లావుగా ఉంటుంది, మనకు సయించదు. ఈ నాలుక కోసమే బుల్లిబాబు బస్సు నిండుతుంది. దానికోసమే రత్నమణి కూడా.

జనం నిద్రపోతుండగా ఆవిడ లేవాలి. వాళ్ళు స్నానాలకు వెళితే ఆవిడ టిఫిను చూడాలి, వాళ్ళు దర్శనానికి వెళితే అన్నం, వాళ్ళు ఊరు చూడ్డానికి వెళితే గిన్నెలు. పాంబన్ వంతెన మీద బస్సు ఆపితే అందరూ కిటికీల దగ్గరికి పరుగెత్తుతారు. ఆవిడ మాత్రం వెనక సీట్లో నూనె డబ్బా ఒరిగిపోకుండా రెండు మోకాళ్ళ మధ్య బిగించి పట్టుకుని కూర్చుంటుంది. వాళ్ళు తిరిగొచ్చి బంతిలో కూర్చున్నాక, విన్నావా రత్నమణీ అంటూ చూసినవన్నీ చెబుతారు. వడ్డించేవాళ్ళకి చేతులే ఖాళీ ఉండవు, చెవులు ఖాళీయే. అలా తొమ్మిదేళ్ళు విని విని ఆవిడకు రామేశ్వరం వచ్చేసింది.

ఈ ఏడు మోకాళ్ళు మొరాయించాయి. నందిగామ డాక్టరు ఎక్సురే చూసి, ఇక నిలబడి చేసే పని కట్టిపెట్టమన్నాడు. రత్నమణి అట్నుంచి అటే బుల్లిబాబు ఆఫీసుకు వెళ్ళి, ఇదే ఆఖరి ట్రిప్పని చెప్పింది. చెప్పి లేవకుండా కాసేపు అలాగే కూర్చుంది. చివరికి అడిగేసింది.

“రామేశ్వరంలో ఒక్కరోజు పొయ్యి ముట్టించను బాబూ. అందరితోపాటు నేనూ తిరుగుతా.”

బుల్లిబాబు చెడ్డవాడు కాదు. అలాగే అక్కా, ఆ రోజు అందరికీ హోటల్లో పెట్టిద్దాం అన్నాడు. ఆ మాటకు ఆవిడకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. పేట బస్సెక్కి ఇంటికి వచ్చేదాకా, ఇన్నేళ్ళూ ఊరందరికీ చెప్పిన వరసలోనే తనూ ఒక్కోటి చేసుకుంటూ పోయింది మనసులో. సముద్రం, బావులు, కాఫీ, నాలుగు చట్నీల ఇడ్లీ, భోజనం, ధనుష్కోటి.

ఆ ట్రిప్పులో ముప్పై ఎనిమిది మంది. వాళ్ళలో కమలాకుమారి అని నందిగామలో రిటైరైన టీచరు ఒకావిడ. మొదటిరోజే రత్నమణి పక్కన చేరి రామేశ్వరంలో ఏమేం చూడాలో, ఏమేం తినాలో నోటుబుక్కులో నంబర్లు వేసి మరీ రాసుకుంది. రత్నమణి చెప్పింది. అలవాటుగా చెప్పేసింది.

ఆరోరోజు మధురైలో బుల్లిబాబు సంగతి బయటపెట్టాడు. రేపు రామేశ్వరంలో వంట ఉండదు, మంచి హోటలు మాట్లాడాను అన్నాడు. ఎవరూ కాదనలేదు. పాపం, ఆవిడకూ ఒకరోజు కావాలి కదా అని ఆడవాళ్ళు అన్నారు కూడా. కాసేపటికి చెవిటికల్లు నుంచి వచ్చిన రత్తయ్య అనే పెద్దాయన మెల్లిగా దగ్గరికి వచ్చాడు. డెబ్బై అయిదేళ్ళ మనిషి, షుగరు ఉంది.

“అమ్మాయ్, కూరలు ఎట్టున్నా సర్దుకుంటాం. అన్నం ఒక్కటి మనది వండి పడెయ్. ఆ లావు బియ్యం నాకు అరగవు.”

అన్నమే కదా, సరేనండి అంది రత్నమణి. అన్నం వండాక పప్పు ఎంతసేపు అని ఇంకొకరు అన్నారు. పప్పు ఉన్నప్పుడు చారు లేకపోతే ఏం బావుంటుందని మరొకరు. షుగరు వాళ్ళు పరగడుపున గుళ్ళో అంతసేపు నిలబడి నీరసపడతారు, కాస్త ఉప్మా కలిపితే రాగానే తింటామన్నారు. అందరూ మంచివాళ్ళే. ఒక్కరూ గట్టిగా అడగలేదు. గట్టిగా అడిగి ఉంటే ఆవిడా గట్టిగా చెప్పి ఉండేదేమో. ఇలా బతిమాలి, బుజ్జగించి, నవ్వుతూ అడిగేవాళ్ళతో వేగడం ఎవరి తరం? ఆవిడ ప్రతిదానికీ సరేనండి అంటూనే పోయింది. బుల్లిబాబు విననట్టు ఫోను చూసుకున్నాడు.

అయినా ఆశ చావలేదు. ఇంకాస్త ముందే లేచి, ఏడింటికల్లా అన్నీ దించేసి, బావుల దగ్గర జనాన్ని కలుసుకోవచ్చని లెక్క వేసుకుంది. రామేశ్వరం సత్రం వెనక పెరట్లో, పదిహేనోసారి, అదే టార్పాలిన్ కింద పొయ్యిలు వెలిగించింది. ఉప్మా అయింది. పప్పు సగం ఉడికేసరికి గ్యాసు అయిపోయింది. రెండో బండ వాషరు దగ్గర కారుతోంది. కొట్టు తీసేదాకా మెట్టు మీద కూర్చుని ఎదురుచూసింది. గుడి వైపు నుంచి బాల్చీలు బావిలో పడే చప్పుడు వినిపిస్తోందని కాసేపు అనుకుంది. కాదు, సత్రంలో ఎవరో బట్టలుతుకుతున్నారు. ఆవిడకు ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా ఓపిక లేక ఊరుకుంది.

చారుకు తాలింపు పెడుతుండగానే తడిబట్టలతో అందరూ వచ్చేశారు. పదిన్నర దాటింది. ఉప్మా ప్లేట్లు పట్టుకుని, ఎంత బావుందో, నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో ఒకరి మాటకు ఒకరు అడ్డం వస్తూ చెబుతున్నారు. కమలాకుమారి జుట్టు తుడుచుకుంటూ నోటుబుక్కు తెచ్చింది. నువ్వు చెప్పిన గోరువెచ్చటి బావి ఎన్నోది, నేను లెక్క తప్పాను, అని అడిగింది.

రత్నమణి గరిటె గుండిగలో వదిలేసింది.

“తెలీదండి టీచరు గారూ. నేను చూళ్ళేదు.”

“ఆ బావా?”

“ఏదీ చూళ్ళేదండి. పద్నాలుగు ట్రిప్పులొచ్చా. ఈ పెరట్లోనే ఉన్నా.”

కమలాకుమారి జుట్టు తుడుచుకోవడం ఆపేసింది. చేతిలో నోటుబుక్కు, చుట్టూ ఉప్మా ప్లేట్లు. తన ప్లేటు ఒకటి అందులో ఉంది, ఖాళీ అయిపోయి. అది చూసి ఆవిడకు సిగ్గేసింది. ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి, పక్కనున్న మనిషిని ఒక ప్రశ్న అడగలేదు. వెళ్ళి నోటుబుక్కు సంచిలో పడేసి, పొడి చీర కట్టుకుని వచ్చింది. మిగతాది వాళ్ళు వడ్డించుకుంటారు, నువ్వు చెయ్యి కడుక్కుని రా, ముందు ఏం కావాలో చెప్పు అంది. మధ్యాహ్నం గుడి మూసేలోగా బావుల దగ్గర వంతు వచ్చేలా లేదు.

“హోటల్లో భోజనం చెయ్యాలండి,” అంది రత్నమణి. “ఎవరో ఒకరు వడ్డించాలి.”

ఇద్దరూ వెళ్ళి కూర్చున్నారు. అరిటాకు వేశారు. రత్నమణి నీళ్ళు చల్లబోతే కమలాకుమారి ఆపి తనే చల్లింది. కూటు, పొరియల్ అని రెండు రకాల కూరలు, అప్పడం. లావు ఉప్పుడు బియ్యం అన్నం పొగలు కక్కుతూ వచ్చి పడింది, దాని గుంటలో సాంబారు. రత్నమణికి తినడం చేతకాలేదు మొదట. వడ్డించేవాడు వరస తప్పి ఎవరినైనా వదిలేశాడేమోనని కళ్ళు అటే పోతున్నాయి. మూల కూర్చున్న ముసలాయనకు రసం పడలేదని పైకి లేవబోయింది కూడా. కమలాకుమారి చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. అప్పుడు తల వంచుకుని తినడం మొదలుపెట్టింది. వత్తల్ కుళంబు అనే పులుసు మారు అడిగింది, మజ్జిగ మారు అడిగింది, పాయసం ఆకు మీదే వేయించుకుని చేత్తో తీసుకుంది. ఆ అన్నం బావుందా అని కమలాకుమారి అడిగితే, బియ్యం సంగతి నాకు తెలీదండి, నేను వండలేదు, అందుకని బావుంది అంది. తిని లేచి ఆకు తీయబోతే సర్వరు వద్దన్నాడు. ఆకును అలా వదిలేసి రావడం ఆవిడకు ఏదోలా అనిపించింది.

రెండింటికి బస్సు ధనుష్కోటి బయల్దేరింది. కమలాకుమారి ఆవిణ్ణి వెనక సీట్లోకి పోనివ్వలేదు. ముందు వరసలో కిటికీ పక్కన కూర్చోబెట్టింది. రెండు వైపులా ఇసక, ఇసకకు అవతల నీళ్ళు. పాకల దగ్గర చేపలు వేగుతున్న వాసన. ఎప్పుడో తుఫానుకు కూలిపోయిన చర్చి గోడలు. రత్నమణి అన్నిటినీ చూసింది, ఇవి ఇవేనన్నమాట అన్నట్టు. బస్సు రోడ్డు చివర ఆగింది. అందరూ దిగి నీళ్ళ వైపు నడిచారు. నాలుగు అడుగులు వేస్తే రెండు సముద్రాలూ కనిపిస్తాయి.

“మోకాలు పట్టేసిందండి. మీరు పదండి టీచరు గారూ, అయిదు నిమిషాల్లో వస్తా.”

పావుగంటకు కమలాకుమారి వెనక్కి వచ్చి చూసింది. రత్నమణి నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుంది, చేతులు రెండూ ఒళ్ళో బోర్లా పడి ఉన్నాయి, వేళ్ళకు పసుపు. లేపాలి. తొమ్మిదేళ్ళుగా అనుకున్నది ఇదే కదా, నాలుగు అడుగుల దూరంలో ఉంది. భుజం మీద చెయ్యి వేయబోయి తీసేసింది. వెళ్ళి ఇసకలో నిలబడింది, ఏ సముద్రాన్నీ సరిగా చూడలేదు. మళ్ళీ వచ్చింది. మళ్ళీ చెయ్యి వేయలేకపోయింది. పెళ్ళిళ్ళలో, యాత్రల్లో, సత్రాల్లో ఇంతమందికి వండిన మనిషి పట్టపగలు పడుకుని ఎన్నాళ్ళయిందో.

అయిదింటికి పోలీసులు ఈలలేసి అందరినీ వెనక్కి పంపించడం మొదలుపెట్టారు. జనం కబుర్లు చెప్పుకుంటూ బస్సెక్కబోతే, ముందుగా ఎక్కిన రత్తయ్య వెనక్కి తిరిగి నోటి మీద వేలు పెట్టాడు. ముప్పై ఏడుమందీ చెప్పులు చేతిలో పట్టుకుని ఆవిడ పక్కనుంచి సీట్లలోకి వెళ్ళారు. డ్రైవరు పాటలు పెట్టలేదు.

ఊరు దగ్గరపడ్డాక, గోపురం కనిపించేవేళకు రత్నమణికి మెలకువ వచ్చింది. కిటికీలోంచి చూసింది. ఎడమా కుడీ మారిపోయి ఉన్నాయి. బస్సు తిరిగొచ్చేస్తోందని అర్థమైంది.

“లేపాల్సింది నిన్ను,” అంది కమలాకుమారి. “నాదే తప్పు. రేపు పొద్దున్నే కన్యాకుమారి వెళ్ళిపోతాం. ఇంక నువ్వు రావు కూడా.”

రత్నమణి కొంగుతో మొహం తుడుచుకుంది. ఆవిడ కళ్ళలో బాధ వెతికింది కమలాకుమారి. అలసట ఉంది, కానీ పొద్దుటిది కాదు.

“ఊరుకోండి టీచరు గారూ. సముద్రం ఎట్టుందో ఎవరో ఒకరు చెప్తారు. నా నిద్ర ఇంకొకళ్ళు పోలేరుగదండీ.”

అని కిటికీకి తల ఆనించి మళ్ళీ కళ్ళు మూసుకుంది. రాత్రి వంటకు ఇంకా గంట టైముంది.