అధ్యక్ష పదవికి నిలబడిన కాక

హుఫూఫ్‌లో కాక నిద్రలోనే పోయాడని శుక్రవారం పొద్దున ఫోను వచ్చింది. రియాద్ బతా బజారులో ఛాయ్ తాగుతున్నాను. కప్పు పట్టుకుని ఆ రద్దీలో అలాగే నిలబడిపోయాను. చుట్టూ జనం మాటలు నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టున్నాయి.

మీకు ఆయన తెలియదు. జగిత్యాల వైపు మనిషి, టైల్స్ మేస్త్రీ. నాకు వరసకు ఏమీ కాడు. నేను రియాద్ లేబర్ క్యాంపులో దిగిన రోజున "తిన్నవా బిడ్డా" అని అడిగాడు, కాక అయిపోయాడు.

క్యాంపు తెలుగు సంఘానికి అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడానికి మాదొక పద్ధతి. శుక్రవారం మెస్‌లో పోటీదారులను అందరూ ప్రశ్నలడుగుతారు. తర్వాత భోజనాలు. ఎవరి వరుసలో కూర్చుని తింటే వాళ్ళకు ఓటేసినట్టు. అంతకుముందు వేసవిలో మా గదిలో ఒక తమ్ముడు చనిపోతే, శవం పెట్టె విమానానికి వెళ్ళేటప్పుడు పక్కన మావాళ్ళెవరూ లేరు. ఆ బాధతోనే కాక నిలబడ్డాడు. "ఇగ ఎవ్వడు ఒక్కడు పోవద్దు" అన్నాడు. ఆయన ఇచ్చిన హామీ అదొక్కటే. దానికోసం అందరూ నెలనెలా చందా వేసుకోవాలన్నాడు.

కూలర్ హోరులో, సగం కునుకులో గడిచిన ఆ మధ్యాహ్నం నాకిప్పటికీ కలలాగే ఉంటుంది. ముందుగా లేచింది నిజామాబాద్ అన్న. ఆయనకు కాకంటే గిట్టేది కాదు.

"పన్ను లేదని ఈ దేశమొచ్చినం. నువ్వేమో చందా అంటవు. గది పన్ను కాదా?"

"పన్నే," అన్నాడు కాక. "నీళ్ళ సీసా కొన్నప్పుడు కడ్తలేవా? గిది నీకు పనికి రావద్దని దండం పెట్టుకొని కట్టు."

"దేశభక్తి సంగతేంది? పంద్రాగస్టుకు నువ్వు రాలె."

"డ్యూటీ పడ్డది. జెండకు మొక్కుత, కాదన్న. మనోడు చస్తే ఇంటికి పంపుడు గూడ జెండ పనేనే."

"మల్ల గెల్చినంక నిన్ను తిడితే?"

"పక్కన కూసొని తిట్టు. దూరంకెల్లి తిడితే సగమే ఇనబడ్తది."

మెస్ అంతా నవ్వింది, నిజామాబాద్ అన్న తప్ప.

ఆ రోజు వడ్డన వంతు కాకదే. అభ్యర్థి కూర్చుంటేనే కదా వరుస మొదలయ్యేది! ఆ సంగతే మరిచి ఆయన పప్పు గరిటెతో తిరుగుతుంటే, ఓటేసేవాళ్ళు పళ్ళేలు పట్టుకుని వెనకాలే తిరిగారు. చూసి చూసి, పోటీగా కూర్చున్న ఫోర్‌మనే లేచి వాళ్ళతో కలిశాడు.

అలా అధ్యక్షుడైనప్పటి నుంచి కాక ప్రతి పెట్టె వెంటా ఎయిర్‌పోర్టు కార్గో గేటు దాకా వెళ్ళాడు. నిజామాబాద్ అన్న పక్కనే కూర్చుని తిట్టేవాడు, చందా మాత్రం ఆపలేదు. మొన్న చలికాలంలో కంపెనీ కాకను రియాద్‌కు దూరంగా హుఫూఫ్ పనికి పంపింది. ఒంటరిగా ఎలా ఉన్నాడో అడగనైనా లేదని నా మీద నాకే కోపం.

కాగితాలన్నీ అయ్యాక ఆయన్ను దమ్మామ్ ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్ళాం. దారి పొడవునా ఖర్జూర తోటలు, ఆ తర్వాత ఇసుక, పల్చటి ఎండ. కార్గో గేటు దగ్గర గార్డు ఇక్కడి దాకానే అని చెయ్యి అడ్డం పెట్టాడు.

నిజామాబాద్ అన్న పెట్టె మీద చెయ్యేశాడు.

"కాకా, ఒక్క ప్రశ్న. ఎవ్వడు ఒక్కడు పోవద్దంటివి. గీ గేటు అవుతలకెల్లి నీతోని ఎవరొస్తరే?"

పెట్టెను గేటు లోపలికి తోసుకెళ్ళడానికి ట్రాలీ పట్టుకున్న బంగ్లాదేశీ కూలీకి మా భాష రాదు. అయినా మాతోపాటు అతనూ జవాబు కోసం కాసేపు ఆగాడు.